కలప్పై దుంప

దీపావళి పండగొచ్చే ఐపసి నెల వానలు మొదలైన కొన్నాళ్లకు మా పెరట్లో జామచెట్టు పక్కన ఎవరూ నాటని తీగ ఒకటి లేచింది. మావారు ఫోన్‌లో ఫొటో తీసి వెతికితే నాలుగైదు పేర్లు చూపించింది. వాటిలో ఒకటి తినే దుంప. ఆయన మనసు దానిమీదే నిలిచింది.

"ఇది అదే దాన్. తవ్వి ఉడకేస్తాము" అన్నారు.

తవ్వితే రెండు దుంపలు వచ్చాయి. వాటిని నేను వాకిట్లో కూర్చుని కడుగుతుంటే, మంసాపురం నుంచి ఆకుకూరలు తెచ్చి అమ్మే ఆవిడ గేటు దగ్గర ఆగింది. పెరట్లో తోటకూర బాగా వస్తోందని నెలరోజులుగా ఆవిడ దగ్గర ఏమీ కొనలేదు. అయినా నీళ్లు తాగడానికి మా ఇంటికే వచ్చేది.

చెంబు అందుకోబోయి నా చేతివైపు చూసింది.

"ఇది యాడిది అక్కా?"

"మా పెరట్లోదే. ఉడికించేదానికి."

గంప దించి, దుంప నా చేతిలోంచి తీసుకుంది. "వేణా అక్కా, తినొద్దు. ఇది కలప్పై దుంప. నాగలి మాదిరి వంగి ఉండాది చూడండి. మా చిన్నమ్మ తెలియక తినింది. నాలుగు దినాలు కూడా నిలవలేదు."

పొయ్యిమీద అప్పటికే నీళ్లు మరుగుతున్నాయి.

ఆవిడ పెరట్లోకి నడిచి, తవ్విపడేసిన తీగను ఎత్తి మా ఇద్దరికీ చూపించింది. ప్రతి ఆకు కొనా సన్నగా సాగి, కొక్కెంలా చుట్టుకుని ఉంది. "ఆకే చేయి మాదిరి పట్టుకుంటాది. కార్తీక నెలలో నిప్పు మాదిరి పూస్తాది. చూసేదానికే, తినేదానికి కాదు." మావారు గుంట తీసి దుంపల్ని లోతుగా పూడ్చేశారు.

నేను సబ్బుతో చేతులు రెండుసార్లు కడుక్కుని, ఆవిడను కూర్చోబెట్టి ఇడ్లీలు పెట్టాను. నెలగా కొనలేదన్న సంగతి నేనే ఎత్తాను. సిగ్గుగా ఉంది.

"తోటలో ఉంటే ఎందుకు కొంటారు అక్కా" అంది, చట్నీ ఇంకాస్త వేసుకుంటూ.

ఆ పూట మేము మామూలుగా అన్నం తిన్నాం. ఎదురుగా కూర్చుని రసం పోసుకుంటున్న ఆయన్ను చూస్తే నాకు కళ్లు తడిశాయి. మంచినీళ్ల కోసం ఆగిన మనిషి మా ఇద్దరినీ మిగిల్చి వెళ్లింది.

ఇప్పుడు వారానికోసారి ఆవిడ మా పెరడంతా తిరిగి, కొత్తగా మొలిచిన ప్రతిదాని పేరూ చెబుతుంది. ఆవిడ వచ్చే పొద్దున మావారే ముందుగా లేచి పెరటి తలుపు తీసి ఉంచుతారు.