మైకు చెడిన శనివారం

కంపాలాలో చేపలు వేయించి అమ్మే నాలోంగోకి దయ్యాలంటే జడుసుకునేవాళ్లు లోకువ. ప్రతి శనివారం వీడియో హాల్లో దయ్యాల సినిమా చూసొచ్చి, నడుం వాల్చగానే గుర్రు పెట్టేది.

ఆ ధైర్యంలో సగం సెంపిజాదని ఆమెకు తెలీదు. ఆ హాల్లో పరాయి భాష సినిమాకి మైకులో ఊళ్లోవాళ్ల భాషలో మాటలు చెప్పడం అతని పని. తెర మీద దయ్యం జుట్టు విరబోసుకుని వస్తే, "అదుగో, మన సంతలో టమాటాలమ్మే నబ్బోసా! పొద్దున్నుంచీ దువ్వెన దొరకలేదట" అనేవాడు. హాలంతా పగలబడి నవ్వేది.

ఈ శనివారం మైకు చెడింది. దయ్యం అచ్చం దయ్యంలాగే వచ్చింది.

అర్ధరాత్రి దాటినా నాలోంగోకి కన్ను మూతపడలేదు. తెల్లవారకముందే సరస్సు ఒడ్డుకెళ్లి చేపలు తెచ్చుకోకపోతే ఆ రోజుకి పొయ్యి వెలగదు. చివరికి చాప చంకన పెట్టుకుని, పక్క గదిలో ఉండే సెంపిజా తలుపు కొట్టింది.

"ఎ... ఎవరూ?"

"నేనేరా. తలుపు తీసి ఆ సినిమా చెప్పు."

"నాకే నిద్ర రావట్లేదమ్మా! నోరు మూసుకుని దయ్యాన్ని చూడ్డం నాకిదే మొదలు."

"అందుకే నోరు తెరవమంటున్నా, సన్నాసీ!"

ఆమె గుమ్మంలో చాప పరిచింది. అతను గరిటెని మైకులా పట్టుకుని మొదలెట్టాడు. కథ దువ్వెన దాకా వచ్చేసరికి నాలోంగో గుర్రు వీధి చివరిదాకా వినబడింది.

పొద్దున ఒడ్డున అందరికీ చెప్పింది: "పాపం, సెంపిజా పిరికివాడు. రాత్రంతా కాపలా ఉన్నాను."