తీర్థన్ నదికి వేసుకున్న దారి

చిత్తూరులో బ్యాంకు గుమాస్తాగా ఉన్న రోజుల్లో, ఆదివారం తిరుపతిలో మా ఇంటికి పోకుండా తప్పించుకోవడానికి నాకెప్పుడూ ఏదో ఒక సాకు దొరికేది. లెక్కల పని ఉందని ఒకసారి, బస్సులు రద్దీగా ఉన్నాయని ఒకసారి. నిజానికి ఆ ఆదివారాలన్నీ ఊరవతల చెరువు గట్టు మీద గాలం పట్టుకుని కూర్చునేవాణ్ణి.

నాకు ఆ అలవాటు నేర్పింది నా పక్క సీటులో పనిచేసే మిత్రుడు. పలమనేరు వైపు పల్లెవాడు. ఇంట్లో ఆవులు, సేద్యం. చిన్నప్పటి నుంచి చెరువుల్లో పెరిగిన మనిషి. మాది గుడి మీద బతికే ఇల్లు. మా నాయన తిరుపతి పెద్దగుడిలో పాశురాలు చదివే గోష్ఠిలో ఉండేవాడు. ఉల్లిపాయ కూడా మా గడప దాటి లోపలికి వచ్చేది కాదు.

చేపను నేను తినలేదు, ఇప్పటికీ తినను. పడినవన్నీ మిత్రుడు వాళ్ళమ్మకు తీసుకుపోయేవాడు. నాకు కావలసింది నీళ్ళ మీద కదలకుండా నిలబడిన బెండు, అది ఉన్నట్టుండి బుడుంగున మునిగినప్పుడు చేతిలో పుట్టే జలదరింపు. అంతే. కానీ ఆ తర్వాత తిరుపతికి పోయినప్పుడు, నాయన గుడి నుంచి తెచ్చిన తీర్థం పోయడానికి ఉద్ధరిణి ఎత్తితే, చెయ్యి చాపడానికి ఒక్క క్షణం తటపటాయించేవాణ్ణి. ఆయన అది గమనించాడో లేదో నాకు తెలియదు.

ఎనభైల మొదట్లో పంజాబు నుంచి ఒక ఆఫీసరు మా శాఖకు బదిలీ మీద వచ్చాడు. మేము గాలం వేస్తామని తెలిసి ఒకరోజు భోజనాల వేళ తమ వైపు సంగతి చెప్పాడు. కులూ పోయే దారిలో, ఊరు చేరకముందే బస్సు దిగి పక్క లోయలోకి తిరగాలట. రోడ్డు సన్నబడి సన్నబడి చివరికి అడవిలో ఆగిపోతుందట. అక్కడ తీర్థన్ అని ఒక నది. మంచు కరిగిన నీళ్ళు. అందులో ట్రౌట్ అనే చేప, ఒంటి నిండా చుక్కలతో, ఎదురు ప్రవాహంలో బాణంలా పోతుందట. పైన దేవదారు చెట్లు, ఇంకా పైన కొండల మీద మంచు.

ఆయన చెప్పేది హిందీలో. నేను హిందీ పరీక్షలు ప్యాసైనవాణ్ణి కాబట్టి మిత్రుడికి తెలుగులో చెప్పేవాణ్ణి. చెప్పేకొద్దీ అతని ముద్ద చేతిలోనే ఆరిపోయింది.

"పోదామప్పా," అన్నాడు. "బ్యాంకోళ్ళు రైలు ఛార్జీలు ఇస్తారు గదా. మళ్ళ ఎప్పుడు పోతాం?"

ఆ రోజు నుంచి ఆరేడు నెలలు మాకు అదే లోకం. నా గదిలో రైల్వే పటం గోడకు అతికించాం. అక్కడి చేపకు ఎర్రలు పనికిరావని, ఈకలతో పురుగులా కట్టిన గాలం వేయాలని ఆఫీసరు చెప్పాడు. మిత్రుడు ఇంటి నుంచి కోడి ఈకలు తెచ్చాడు. నేను నగరి పోయినప్పుడు మగ్గాల దగ్గర మిగిలిన పట్టుదారం అడిగి తెచ్చాను. బ్యాంకు మూశాక ఇద్దరం లాంతరు పురుగుల్లా దీపం కింద కూర్చుని గాలాలకు ఈకలు కట్టేవాళ్ళం. మొదట కట్టినవి పురుగుల్లా కాదు, చీపురు ముక్కల్లా ఉండేవి. స్వెట్టర్ల కోసం బెంగుళూరుకు పోయి వచ్చాం. చలి ఎలా ఉంటుందో తెలియక రెండేసి కొన్నాం.

ఇంట్లో మాత్రం ఉత్తరాది చూడడానికి పోతున్నానని చెప్పాను. చేపల మాట ఎత్తలేదు. తిరుపతిలో నాయన దగ్గరే ఉండే భార్యను తీసుకుపోతాననీ చెప్పలేదు. ఆమె అడగలేదు కానీ, బెంగుళూరు స్వెట్టరు మడత విప్పి చూసి, మళ్ళీ అదే మడత పెట్టి లోపల పెట్టింది.

బయలుదేరడానికి రెండు నెలల ముందు మిత్రుడు కొండకు మొక్కు తీర్చుకోవడానికి వచ్చి, దిగాక మా ఇంట్లో భోజనానికి ఉన్నాడు. నాయన అతన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడించాడు.

"ఉత్తరాదిలో యాడికప్పా పోతా ఉండేది?"

"హిమాలయాల్లోకి స్వామీ. తీర్థన్ అని ఒక సోటు ఉండాది. నది ఉండాది ఆడ."

"తీర్థమా," అన్నాడు నాయన. ఆయన ముఖం విప్పారింది. నా వైపు తిరిగి, "ఊరు సూసేదానికి పోతా ఉండానని మాత్రం చెప్పినావే. తీర్థానికని చెప్పలేదే. అట్లయితే బదరి గూడా సేవించుకోనే గదా వస్తారు?"

మిత్రుడు నా ముఖం చూశాడు. నేను విస్తరిలోకి చూశాను. ఒక్క మాట అంటే సరిపోయేది. అది తీర్థం కాదు నాయనా, తీర్థన్ అని నది పేరు, అనొచ్చు. నేను మజ్జిగ కోసం చెయ్యి పట్టాను. మిత్రుడు కూడా తలవంచుకుని అన్నం కలుపుకున్నాడు.

నాయన గూడూరు దాటి పైకి పోయినవాడు కాదు. బదరీనాథ్ క్షేత్రం పేరు చిన్నప్పటి నుంచి పాశురాల్లో పలుకుతూ వచ్చాడు కానీ, అక్కడికి తాను పోవచ్చన్న ఆలోచన ఆయనకు ఎన్నడూ వచ్చినట్టు లేదు. మర్నాడు గోష్ఠిలో చెప్పాడు. నేను మళ్ళీ వచ్చేసరికి వీధిలో సగం మందికి తెలిసిపోయింది. ఎదురింటి అవ్వ ఒకామె వచ్చి, "బదరి తులసి ఒక్క దళం తెచ్చిపెట్టు నాయనా," అని నా గడ్డం పట్టుకుంది. బ్యాంకు తల్లిదండ్రులకు కూడా ఛార్జీలు ఇస్తుందని గోష్ఠిలో ఎవరో నాయనకు చెప్పారు. ఆ సంగతి ఆయన నా దగ్గర ఎత్తలేదు. నన్ను తీసుకుపో అని అడగనూ లేదు.

ఒక శనివారం భార్య నన్ను పెరట్లోకి పిలిచింది.

"మామ తెల్లారేసరికి అలిపిరికి పోతా ఉండారు. గాలిగోపురం దాకా ఎక్కి దిగి వస్తా ఉండారు, రోజూనూ. ఎందుకని అడిగితే, బదరిలో ఆయాసం రాకూడదు గదమ్మా అన్నారు."

నేను వసారా వైపు చూశాను.

"మీరు యాడికి పోతా ఉండారో నాకు తెలీదు," అంది ఆమె. "ఆయనతో మాత్రం మీరే చెప్పుకోండి."

చెప్పలేకపోయాను. వసారాలోకి వచ్చి, "నాయనా, నువ్వు, కోడలు గూడా వస్తారు. బదరికే పోదాం," అన్నాను. ఆయన కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. ఆ కన్నీళ్ళు చూసి నాకు సంతోషం కలగాల్సింది. మిత్రుడికి ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ నిలబడ్డాను.

అతనికి చెప్పడానికి పదిహేను రోజులు పట్టింది. గదిలో ఈక కడుతున్నాడు. నోట్లో దారం కొస పట్టుకుని అంతా విన్నాడు. దారం ముడి వేసి, మిగిలింది పళ్ళతో కొరికి, గాలాన్ని డబ్బాలో పెట్టాడు.

"ఆ దినమే చెప్పింటే అయిపోయేది గదప్పా, అన్నం కాడ," అన్నాడు.

"నోరు రాలేదు."

"నాకూ రాలేదులే. ఆ పెద్దాయన ముఖం సూస్తే ఎవురికి వస్తాది?"

రెండు చోట్లకూ పోవచ్చేమోనని పటం ముందు నిలబడి చూశాం. సెలవు చాలదు. ప్రయాణం మానేద్దామా అంటే, అతను "నేను పోతా," అన్నాడు. "ఇంత కట్టుకున్నాక గాలాలు డబ్బాలో పెట్టుకోని కూర్సోలేను."

అతనికి హిందీ ఒక్క ముక్క రాదు. మాట్లాడే పని నాదని మొదటి నుంచీ అనుకున్నాం. మిగిలిన సాయంత్రాలు అతనికి హిందీ నేర్పాను. "నది ఎక్కడ?" "బస్సు ఎప్పుడు?" "అన్నం దొరుకుతుందా?" అతను బడిపిల్లాడిలా అప్పజెప్పేవాడు. ప్రశ్నలు బాగానే వచ్చాయి. అవతలివాడు జవాబు చెబితే ఏం చెయ్యాలో ఇద్దరం అనుకోలేదు.

వేసవి చివర్లో గూడూరులో ఢిల్లీ రైలెక్కాం, నలుగురం. నాయనకు రైలంటే పసివాడి ఉత్సాహం. బయటి తిండి ముట్టడు కాబట్టి పులిహోర, సత్తుపిండి మూట కట్టుకుని వచ్చాడు. తనదాంట్లోంచి ముందు మిత్రుడికే పెట్టేవాడు. నాగపూరు దాటాక, సీటు కిందున్న పొడుగాటి గుడ్డ సంచిని కాలితో తాకి, "ఇదేందప్పా, గొడుగా?" అని అడిగాడు.

మిత్రుడు అబద్ధం చెప్పగలిగే మనిషి కాదు. "గాలపు కర్ర స్వామీ. ఆ తీర్థన్ నదిలో చేపలు పట్టేదానికి పోతా ఉండాను."

నాయన తల ఊపాడు. పలమనేరు పల్లెవాడు చేపలు పట్టడంలో ఆయనకు వింతేమీ కనబడలేదు. అంతలో ఏదో తోచినట్టు ఆగాడు.

"మీరిద్దరూ కలిసి గదా పోవాలనుకున్నది?"

మిత్రుడు సంచిని సీటు కిందికి ఇంకా లోపలికి తోశాడు. ఆయన నా వైపు తిరిగాడు.

"నువ్వూ దీనికేనా?"

"అవును నాయనా."

తిడతాడని ఎదురుచూశాను. తిట్టి ఉంటే ఊపిరి పీల్చుకునేవాణ్ణి. ఆయన కిటికీ వైపు తిరిగాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు.

"చెప్పింటే నేను ఇంట్లోనే ఉందును గదరా. ఈ అబ్బాయి దారికి నన్ను అడ్డం పెట్టినావే."

"అట్లేం లేదు స్వామీ," అన్నాడు మిత్రుడు. "నాకేం, ఒక్కణ్ణే పోయి వస్తా."

"భాష రాని సోటికి ఒక్కడివే ఎట్లా పోతావప్పా?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసినవాణ్ణి నేను. నా భార్య లేచి ఆయనకు మంచినీళ్ళు ఇచ్చింది. మిగిలిన దారంతా ఆయన పులిహోర అందరికీ పెట్టాడు, తాను మాత్రం సరిగా తినలేదు.

ఢిల్లీ స్టేషన్లో మిత్రుడు మాతో విడిపోయాడు. రెండు స్వెట్టర్లూ వేసుకోవలసిన చోటు ఇంకా ఎంతో దూరం ఉండగానే, ఒకటి భుజాన వేసుకుని, ఆ పొడుగాటి సంచి పట్టుకుని జనంలోకి పోయాడు.

మేము హరిద్వారం మీదుగా బదరి చేరాం. నాయన ఆయాసపడలేదు. సన్నిధిలో నిలబడి పాశురం మొదలుపెట్టి, మధ్యలో ఆగి, మళ్ళీ మొదలుపెట్టాడు. నా భార్య ఏడ్చింది. నేను ఆయన పక్కనే చేతులు జోడించుకుని ఉన్నాను. కానీ పైకి వచ్చే దారిలో బస్సు కిటికీలోంచి కింద అలకనంద కనబడినప్పుడల్లా, బండల వెనక నీళ్ళు ఎక్కడ నిలకడగా ఉన్నాయో, గాలం ఎక్కడ వేస్తే బాగుంటుందో చూస్తూ వచ్చాను. సన్నిధిలోనూ ఆ నీళ్ళే కళ్ళ ముందు ఉన్నాయి. దానికి తోడు మిత్రుడు ఆ పూట ఎక్కడున్నాడో అనే ఆలోచన.

అతను మాకంటే మూడు రోజులు ఆలస్యంగా తిరిగివచ్చి, నేరుగా మా ఇంటికి వచ్చాడు. నాయన రెండు చేతులతో బదరి ప్రసాదం ఇచ్చి, "నది బాగుండాదా?" అని అడిగాడు.

"నది దాకా పోలేదు స్వామీ," అన్నాడు అతను నవ్వుతూ. వానకు కొండ విరిగి రోడ్డు మూసుకుపోయిందట. లోయ మొదట్లోనే ఒక టీ అంగడిలో, ఉన్న సెలవంతా గడిపాడు. "ఆ అంగడాయన దినామూ ఏందో చెప్తా, కొండ మింద చెయ్యి సూపిస్తా ఉండె. చివరి రోజు ఆ పక్క ఊరి బ్యాంకాయన ఒకడు వచ్చి ఇంగ్లీషులో చెప్పినాడు. నడిచే దారి ఉండాదంట. ఒక పూట నడిస్తే నది. నాకర్థం కాలే."

అతను అది తమాషాగా చెప్పాడు. నా భార్య లోపలికి పోయింది. నాయన నవ్వలేదు.

నేను అతన్ని బస్టాండు దాకా దిగబెట్టాను. దారి పొడుగునా ఏదో అనాలనుకుని, బదరి చలి గురించి మాట్లాడాను. చిత్తూరు బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక అతనే అన్నాడు, "మీ నాయన సూసి వచ్చినాడు గదా. అది సాలప్పా."

ఇంటికి వచ్చేసరికి నాయన అరుగు మీద ఉన్నాడు. చుట్టూ వీధివాళ్ళు, ఎదురింటి అవ్వ. బదరిలో పొద్దున్నే మంచు మీద ఎండ పడిన సంగతి చెబుతున్నాడు, చేతులు ఎత్తి ఆ కొండ ఎత్తు చూపిస్తూ. నన్ను చూశాడు. చేతులు దించుకుని, "తక్కింది రేపు చెప్తాలే," అని లేచి లోపలికి పోయాడు.

తర్వాత ఎన్నో ఏళ్ళు బతికాడు. గుడిలో, వీధిలో అందరికీ ఆ ప్రయాణం చెప్పేవాడని వినేవాణ్ణి. నా ఎదుట మాత్రం ఒక్కసారి కూడా చెప్పలేదు.