కమల వీపు మీది పట్టీలు

గౌలిపురలో కమలకు రెండు విషయాల్లో పేరుంది. ఒకటి ఆమె పోసే బర్రెపాలు, రెండోది ఆమె వీపు. పాల సంగతి సరే, ఒక ఆడమనిషి వీపుకు పేరు రావడమేమిటని మీరు ముక్కున వేలేసుకోవచ్చు. ఆ పేరు తెచ్చిపెట్టింది డాక్టర్ బిందుమాధవి.

చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ దాటాక ఒక మేడ మీద డాక్టరమ్మ పనిచేసే సెంటర్ ఉంది. ప్రయోగశాలల్లో వాడే ద్రవాలు, కడిగే మందునీళ్లు, కొత్త సబ్బులు మనిషి చర్మానికి మంట పుట్టిస్తాయా లేదా అన్నది అక్కడ చూస్తారు. దేని మీద చూస్తారంటే, మనిషి మీదే. పలచగా కలిపిన బొట్టును చిన్న బిళ్లలో పోసి, పట్టీతో వీపుకు అంటిస్తారు. ఒక్కో వీపుకు పది బిళ్లలు. రెండు రోజులు నీళ్లు తగలకూడదు. తర్వాత ఊడదీసి, దీపం పెట్టి, ఎక్కడ ఎర్రబడిందో రాసుకుని, వచ్చినందుకు డబ్బులిస్తారు.

ఆరేళ్లలో కమల వీపు ఒక్కసారి కూడా ఎర్రబడలేదు. "మీ వీపు బంగారం కమలగారూ" అంటుంది డాక్టరమ్మ. ఆ మాటను కమల ఇంటికి మోసుకొచ్చి మొగుడికి చెప్పింది. విశ్వేశ్వర్ బర్రెను కడుగుతూ తల కూడా ఎత్తలేదు. "బంగారమైతే మంచిదే గానీ, ఈ పేడగంప ఎవరెత్తాలె?" అన్నాడు.

మొగుడు మెచ్చకపోయినా గల్లీ మెచ్చింది. కమల వెంట మరో పదకొండు మంది పాలోళ్ల ఆడవాళ్లు సెంటరుకు పోవడం మొదలుపెట్టారు. అక్కడికొచ్చే ముప్పై మందిలో పన్నెండు మంది ఆ ఒక్క గల్లీవాళ్లే. పన్నెండు వీపులూ అద్దాలే.

ఇక్కడొక మాట చెప్పాలి. పొద్దస్తమానం బర్రెలతో మెలిగేవాళ్లకు ఒంటి మీద గుండ్రటి దురద మచ్చలు రావడం మామూలే. గల్లీలో దాన్నెవరూ పట్టించుకోరు. కానీ చదువుకున్న మనిషి ముందు రవిక విప్పి కూర్చోవాలంటే? మొదటిసారి పిలుపొచ్చినప్పుడు కమలకు సిగ్గుతో ప్రాణం పోయినంత పనైంది. మెడికల్ షాపు ప్రకాశం దగ్గరకు పోయి గోడు వెళ్లబోసుకుంటే ఒక ట్యూబు చేతిలో పెట్టాడు. మూడు రోజులు రాసింది. మచ్చలూ లేవు, దురదా లేదు. ఇంటికి చుట్టాలొస్తుంటే వాకిలి ఊడ్చినట్టు, అప్పటి నుంచి సెంటరుకు పోయే ముందు మూడు రోజులు మలాం రాసుకోవడం ఆమెకు ఆనవాయితీ అయింది. మిగతా పదకొండు మందికీ తనే నేర్పింది. ఒకరి వీపుకొకరు రాసుకునేవాళ్లు. అందులో మోసం వీసమెత్తు లేదు, ఉన్నదంతా మర్యాదే.

మరి సెంటరువాళ్లు అడగలేదా అంటే, అడిగారు. నాలుగు పేజీల ఇంగ్లీషు ఫారం పట్టుకుని శశిధర్ అనే అబ్బాయి గబగబా అడిగేవాడు. "మందులేమైనా వాడుతున్నారా?" "లేదు." టిక్కు పడేది. ఆ గల్లీలో మందంటే మింగేది, లేదా సూదితో పొడిచేది. పైన రాసుకునేది మలాం. దాన్ని మందు లెక్కన చెప్పాలని ఎవరికీ తోచలేదు, విడదీసి అడగాలని శశిధర్‌కూ తోచలేదు.

మొన్న మంగళవారం సాయంత్రం డాక్టరమ్మ ఫోన్ చేసింది. పోయినేడు వేసిన పట్టీ ఒకటి మళ్లీ వేయాలి, రేపు పొద్దున్నే రమ్మంది. మూడు రోజుల గడువు లేదు. కాదనడానికి నోరు రాక, వీపు నిండా మచ్చలతోనే కమల బయలుదేరింది.

గదిలో స్టూలు మీద ముప్పై ఏళ్ల మనిషి కూర్చుని ఉంది. రెండు చేతులకూ గుడ్డ చుట్టి ఉంది. పేరు అమల అనీ, ఒక ప్రైవేటు కాలేజీ ల్యాబులో గాజు పాత్రలు కడుగుతుందనీ డాక్టరమ్మ చెప్పింది. వాటిని కడిగే ద్రవం పోయినేడు కమల వీపు మీద పరీక్షించినదేనట.

డాక్టరమ్మ గుడ్డ విప్పింది. వేళ్ల సందుల్లో తోలు చీలి లోపలి ఎర్రటి మాంసం కనబడుతోంది. రెండు గోళ్లు లేచిపోయాయి. అరచేతిలో గీతలే లేవు.

"అమ్మో, గిదేంది తల్లీ!"

"అక్కా, గా నీళ్లు నీ వీపు మీద పెట్టిన్రంట గదా. నిజంగ ఏం కాలేదా?" అమల అడిగింది.

"ఏం కాలే," అంది కమల. అలవాటు కొద్దీ ఆ మాటలో కాస్త గర్వం కూడా ధ్వనించింది.

అమల తల దించుకుంది. "మా సారు గదే అన్నడు. అందరికి మంచిగనే ఉంది, నీ తోలుకే ఏదో రోగముంది, పనిలకు రావొద్దన్నడు. మా అత్త గది విని నా పళ్లెం వేరే పెట్టింది. అంటుకుంటదని నా బిడ్డను నా దగ్గర పండనిస్తలేదు. నెల దాటింది అక్కా."

డాక్టరమ్మ పిలిస్తే కమల తెర వెనక్కి పోయి రవిక విప్పింది.

"ఇవేంటి కమలగారూ? ఈ మచ్చలు ఎప్పటి నుంచి?"

"ఏమనుకోకు డాక్టరమ్మా. నిన్ననే చెప్పినవ్ గదా, మలాం రాసుకునే టైం దొరకలే. ఎప్పటి లెక్క సాఫ్ చేసుకుని వస్తుంటి."

"ఏం మలాం?"

కమల ట్యూబు పేరు చెప్పింది. తిరిగి చూస్తే డాక్టరమ్మ మంచం అంచు పట్టుకుని నిలబడి ఉంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"అందులో స్టెరాయిడ్ ఉంటుందండీ. అది రాసిన చోట చర్మం సరిగా ఎర్రబడదు. ఎర్రబడుతుందా లేదా అన్నదొక్కటే మేము చూసేది. ఎన్నిసార్లు రాశారు?"

"వచ్చినప్పుడల్లా. అందరం."

"అందరూ అంటే?"

"మా గల్లీ పన్నెండు మందిమి. నేనే చెప్పిన."

డాక్టరమ్మ బల్ల మీది పాత ఫైలు లాగి పేజీలు తిప్పింది. మిగిలిన పద్దెనిమిది మందిలో ఏడుగురికి ఎర్రబడింది. ముప్పై మందిలో ఏడుగురే కదా, అదీ కొంచెమే కదా అని ఆ ద్రవాన్ని దాటించేశారు. "బర్రెల దగ్గర పనిచేసే మీ అందరి వీపులు ఇంత నున్నగా ఎలా ఉన్నాయని ఆరేళ్లలో ఒక్కసారి కూడా అనుకోలేదు నేను," అంది. "మీరు వెనక మెట్ల మీంచి వెళ్లిపోండి. ఆమెకు ఏం చెప్పాలో నేను ఆలోచించుకుంటాను."

కమల రవిక గుండీలు పెట్టుకుంది. ఇవాళ్టితో గల్లీలో తన ముఖం ఎవరూ చూడరు. పదకొండు మంది పని పోతుంది, పదకొండు నోళ్లూ తననే తిడతాయి. వెనక మెట్లు నాలుగడుగుల దూరంలో ఉన్నాయి. ఆరేళ్లలో ఎన్ని ద్రవాలు, ఎన్ని చేతులు?

కమల తెర పక్కకు జరిపి, స్టూలు మీదున్న అమల ఎదుటికి పోయి నిలబడింది.

"చెల్లె, నీ తోలుకు ఏ రోగం లేదు. ఎవ్వరికి అంటుకోదు. మేము ఎర్రగ కాకుండ మలాం రాసుకుని వచ్చినం. తెల్వక చేసినం. నేనే చేయించిన. గా నీళ్లే ఖరాబు నీళ్లు."

తిడుతుందనుకుంది, కొట్టినా పడదామనుకుంది. అమల కళ్ల నీళ్లు చెంపల మీదికి జారుతున్నా తుడుచుకునే వీలు లేదు ఆ చేతులకు.

"గీ మాట మా అత్తకు చెప్తవా అక్కా?" అంది. "ఇప్పుడే రా. నా బిడ్డ బడికి పోకముందే చెప్పాలె."

కమల తన కొంగుతో ఆమె ముఖం తుడిచింది. చేయి పట్టుకోవడం కుదరదు కాబట్టి మోచేతి పైన పట్టుకుని, ఆమెను ముందు మెట్ల మీదుగా కిందికి నడిపించింది.