రిమార్కుల గడిలో ఒక్క మాట

మా పక్కింటి అన్నయ్యగారు పోయారు. పోయిన నెల ఒక మంగళవారం పొద్దున నేను చర్చిలో మహిళల కూటానికి బయలుదేరుతుంటే వదిన గోడ అవతలి నుంచి పిలిచింది. ఆమె ఎప్పుడూ అలా పిలవదు, వచ్చి తలుపు కొడుతుంది. వెళ్లేసరికి ఆయన పడక్కుర్చీలో పేపరు చదువుతున్నట్టే ఉన్నారు. "చాయ్ పెట్టి తెచ్చేలోపల అయిపాయె" అంది వదిన. రెండేళ్లుగా ఆయనకు ఊపిరితిత్తులు బాగాలేవు. ముప్పయ్యేళ్లు పొగ మింగిన ఉద్యోగం మరి.

సీతాఫల్‌మండిలో ఒకే గోడకు అటూ ఇటూ బతికాం. ఆయన అగ్నిమాపక శాఖలో స్టేషన్ ఆఫీసరుగా రిటైరయ్యారు. మాది కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం, ఆయనది తాతల నాటి నుంచీ ఇక్కడే. నేను అన్నయ్యగారూ అంటే "గారు ఎందుకు చెల్లె, నేనేమన్న కలెక్టర్నా" అని నవ్వేవారు. నా నోటికి అలవాటైన గారు మాత్రం పోలేదు.

ఎక్కడికి వెళ్లినా కూర్చునే ముందు ఆయన బయటికి పోయే దారి వెతికేవారు. పెళ్లి హాలైనా అంతే, సినిమా హాలైనా అంతే. ఒకసారి క్రిస్మస్ ఆరాధనకు పిలిస్తే దంపతులిద్దరూ వచ్చారు. పక్క తలుపుకు తాళం వేసి ఉండటం చూసి ఆయన నేరుగా పాస్టరుగారి దగ్గరికి వెళ్లి చెవిలో ఏదో చెప్పారు. తాళంచెవి దొరికేసరికి పావుగంట పట్టింది. అంతసేపూ పాటల బృందం పుస్తకాలు పట్టుకుని నిలబడే ఉంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ తర్వాత మా చర్చిలో ఆరాధన జరిగేటప్పుడు ఆ తలుపుకు తాళం వేయలేదు.

మేముండే మేడలోని పిల్లల చేత కళ్లు మూయించి మెట్లు లెక్కపెట్టించేవారు. "పొగల కండ్లు పనిచెయ్యవ్ బిడ్డా, కాళ్లకే యాదుండాలె" అనేవారు. పిల్లలకు అదొక ఆట. పెద్దవాళ్లు విసుక్కునేవాళ్లు, ముఖ్యంగా మెట్ల మీద చెప్పుల స్టాండు పెట్టుకున్నవాళ్లు. వాళ్లలో నేనూ ఉన్నాను.

ఇలాంటి ముచ్చట్లు చెప్పి ముగిస్తే నాకు సుఖంగా ఉండేది. కానీ ఆయన విషయంలో నేను చేసిన తప్పొకటి ఉంది. అది చెప్పకుండా ఆయనను తలుచుకోవడం నాకు చేతకావడం లేదు.

నాలుగైదేళ్ల కిందట నేనొక ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంటును. పోలీసు స్టేషన్లు, అగ్నిమాపక కేంద్రాలు జనానికి ఎలా పనిచేస్తున్నాయో తిరిగి చూసి నివేదిక ఇవ్వడానికి ఒక సీనియర్ ఇన్‌స్పెక్టరును నియమించాలని నిర్ణయించారు. మూడేళ్ల పదవి. రెండు శాఖల్లో దేనిలోనైనా అనుభవం ఉండి, రిటైర్మెంటుకు దగ్గరపడినవారు దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ కాగితాలన్నీ నా సెక్షనుకే వచ్చేవి.

అన్నయ్యగారు దరఖాస్తు పెట్టారు. ఆ ఉద్యోగం మీద ఆయనకున్న ఆశ నాకు తెలుసు. తనిఖీ అంటే ముందురోజు గోడలకు సున్నం, ఆ రోజు పూలదండ, మర్నాడు ఎప్పటి లెక్కే అని చాలాసార్లు బాధపడ్డారు. తనకు గనక ఆ పని దొరికితే చెప్పకుండా వెళ్తానని, పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు చేయడానికి వచ్చినవాళ్లు కూర్చునే బల్ల మీద ముందు ఒక గంట కూర్చుంటానని అనేవారు. దరఖాస్తు పెట్టాక మాత్రం మా ఇంటికి రావడం మానేశారు. నన్ను ఇరకాటంలో పెట్టకూడదని. ఆ మర్యాద నాకు అర్థమైంది.

అభ్యర్థులందరి వివరాలూ ఒక పెద్ద స్టేట్‌మెంటులో వేసి ఎంపిక కమిటీకి పంపడం నా పని. చివర రిమార్కుల గడి. కమిటీలో పెద్దవాళ్లకు తీరిక తక్కువ, ముందు ఆ గడే చూస్తారు. అది శుభ్రంగా ఉన్నవాళ్లనే ఇంటర్వ్యూకు పిలుస్తారు. అన్నయ్యగారి సర్వీసు రిజిస్టరులో ఒక మందలింపు ఉంది. ఎందుకో నాకు తెలుసు. ఆయన జతచేసిన కాగితాల్లోనూ ఉంది. మౌలాలిలో ఒక టెంటుహౌసు గోదాము అంటుకున్నప్పుడు వీళ్ల బండి పంపు నీళ్లు తోడలేదు. మనుషులకేమీ కాలేదు గానీ సరుకంతా బూడిదైంది. నీళ్ల ఒత్తిడి తక్కువని రాసేస్తే ఎవరూ అడిగేవారు కాదు. ఆయన మాత్రం "ఆ ఉదయం పంపు తిప్పి చూడకుండానే చూసినట్టు సంతకం చేశాను" అని తన మీద తనే నివేదిక రాసుకున్నారు. శాఖ ఆయనను మందలించింది.

నేను ఆ గడిలో "మందలింపు" అని రాశాను. ఆ ఒక్క మాటే.

గడి చిన్నది, క్లుప్తంగా రాయడం మా ఆఫీసు ఆనవాయితీ అని అప్పుడు సమాధానం చెప్పుకున్నాను. అది నిజం కాదు. అదే స్టేట్‌మెంటులో ఇంకొకాయన శిక్ష పక్కన "అప్పీలులో రద్దయింది" అని రాశాను. ఆయన ఎవరో నాకు తెలియదు కాబట్టి చేయి ఆడింది. పక్కింటాయనకు నాలుగు ముక్కలు ఎక్కువ రాస్తే ఎవరైనా వేలెత్తి చూపుతారని భయపడ్డాను. నా నిజాయితీ మచ్చ పడకుండా ఉండాలని ఆయన నిజాయితీని దాచేశాను.

అయిదుగురిని ఇంటర్వ్యూకు పిలిచారు. అందులో ఆయన లేరు. పదిహేను రోజులు పోస్ట్‌మన్ వచ్చే వేళకు ఆయన గేటు దగ్గరే నిలబడటం మా వంటింటి కిటికీలోంచి చూశాను. ఎంపికైనాయన చెడ్డవాడేమీ కాదు. వెళ్లే ముందు స్టేషన్లకు ఉత్తరం రాసి వెళ్లేవాడు. గోడలకు సున్నాలు ఎప్పటిలాగే పడ్డాయి.

నాలుగేళ్లు ఈ సంగతి నాలోనే ఉంచుకున్నాను. మొన్న చలికాలంలో ఆయనకు ఆక్సిజన్ మిషను తెచ్చాక ఒక మధ్యాహ్నం వెళ్లి, పక్కన స్టూలు మీద కూర్చుని అంతా చెప్పేశాను. ఆయన ముక్కు దగ్గరి గొట్టం సర్దుకున్నారు. తర్వాత "అబద్ధమైతే రాయలే గద చెల్లె, పరేషాన్ గాకు" అన్నారు. నేను లేవబోతుంటే, గోడ వైపు చూస్తూ, మెల్లగా అన్నారు: "కని ఒక్కసారి పిలిచి అడిగితే మంచిగుంటుండె. చెప్పుకుంటుంటి."

ఆయన అన్నది అంతే. అంతకంటే గట్టిగా నన్ను తిట్టినవాళ్లు నా జీవితంలో లేరు.

పెద్దకర్మకు పిలిచి రమ్మని వదిన నన్ను ఆయన పాత స్టేషనుకు పంపింది. డ్యూటీలో ఉన్న లీడింగ్ ఫైర్‌మన్‌కు యాభై దాటి ఉంటాయి, బండి తనిఖీ చేస్తున్నాడు. బానెట్ మీద తెరిచి ఉన్న రిజిస్టరులో వస్తువు, స్థితి, సంతకం అని అచ్చు గడులు ఉన్నాయి. వాటి పక్కన స్కేలుతో గీసిన ఇంకో గడి ఉంది, పైన చేత్తో "చూడనివి" అని రాసి ఉంది.

"మౌలాలి కేసు అయినంక సారు గీసిండు మేడం" అన్నాడాయన. "ఆయన రిటైరైనంక సుత మేం గీస్తనే ఉన్నం. చూసింది ఎవడన్న రాస్తడు, చూడంది రాసినోడే డ్యూటీ చేసినట్టు అంటుండె."

పేజీలు వెనక్కి తిప్పాను. ప్రతి రోజూ ఆ గడి ఉంది. గడి చిన్నదని సర్దిచెప్పుకున్న నాడు నా బల్ల మీద కూడా స్కేలు ఉండేది. రిజిస్టరు ఫైర్‌మన్‌కు తిరిగి ఇచ్చాను.

ఆయన పెన్ను మూత తీసి, బండి పైకి ఒకసారి చూసి, ఆ గడిలో రాశాడు: "నిచ్చెన తాళ్లు, టైం లేక చూడలేదు." కింద పూర్తి పేరుతో సంతకం చేశాడు.