పాపను ఎత్తుకుని కొండెక్కుతానన్న మొక్కు

ఆ రోజు శుక్రవారం. పాపకు తలంటి పోసి, స్నానం కుర్చీలోంచి ఎత్తుకుందామని వంగినాను. నడుంలో ఏదో పుటుక్కుమనింది. పాప తడి ఒంటితో నా చేతుల్లో ఉండాది. నేను లేవలేను, కూర్చోలేను. "అత్తా, బిన్నా రా" అని కేకేసినాను. మా అత్త సంగటి తెడ్డు చేతిలో పట్టుకునే పరిగెత్తుకొచ్చింది. పాపను తువ్వాలలో చుట్టి తీసుకుంటా, "ముందే పిలవమంటే పిలవవు కదే నువ్వు" అనింది. సాయంత్రానికి నా ఎడమ కాలు మొద్దుబారింది.

మాది కార్వేటినగరం. మా ఆయనకు పుత్తూరులో బండ్ల మెకానిక్ షాపు ఉండాది. మా పాప పేరు హాసిని. నెలలు నిండకనే పుట్టింది, పుట్టినప్పుడు ఏడవలేదు. సెరిబ్రల్ పాల్సీ అన్నారు. ఇప్పుడు తొమ్మిదేండ్లు. కాళ్ళు బిగుసుకుని ఉంటాయి, నడవదు. వచ్చిన మాటలు కొన్నే, ఆ కొన్నిటితోనే ఇంట్లో అందరినీ ఆడిస్తాది. నవ్విందంటే కండ్లు రెండూ మూసుకుపోతాయి. వాళ్ళ నాయన షాపుకు బయల్దేరితే చొక్కా పట్టుకుని వదలదు.

ఆ బిడ్డను అద్దాల పెట్టెలో పెట్టిన రోజుల్లో, బయట నిలబడి నేనొక మొక్కు మొక్కినాను. స్వామీ, దీన్ని బతికించు, నా చేతులతో ఎత్తుకుని మెట్ల దారిన నీ కొండకు నడిచొస్తాను అని. పాప బతికింది. మొక్కు మాత్రం తీరలేదు. ఒక ఏడు పాపకు కామెర్లు, ఒక ఏడు కాళ్ళకు ఆపరేషను, ఇంకో ఏడు ఇంకొకటి. ఏటికేడు మొక్కు వాయిదా పడతా వచ్చింది, ఏటికేడు పాప బరువెక్కతా వచ్చింది. ఎత్తుకునే అలవాటు తప్పితే ఆ మెట్లు ఎక్కలేనేమోనని ఇంట్లో ఎవ్వరినీ పాపను ఎత్తనిచ్చేదాన్ని కాదు. మా ఆయన చేతులు చాపితే, "నువ్వు పోయి నీ బండ్లు చూసుకో పో" అనేదాన్ని.

తిరుపతికి పోయి ఎమ్మారై తీయించినాము. నడుంలో ఎల్ ఫోర్, ఎల్ ఫైవ్ ఎముకల మధ్య డిస్క్ ఉబ్బిందని తేలింది. ఆర్థో డాక్టరు ఫిల్మును వెలుతురుకు పట్టి చూసి, "ఏం బరువులు ఎత్తుతావమ్మా?" అని అడిగినాడు.

"బరువులేమీ ఎత్తను సార్."

"పాపను ఎత్తుతాది సార్, పొద్దంతా" అన్నాడు మా ఆయన పక్కనుంచి. నాకు ఎంత కోపమొచ్చిందో చెప్పలేను. మా పాప బరువా? ఆటోలో పుత్తూరు దాటే వరకూ ఆయనతో మాట్లాడలేదు.

బెడ్ రెస్ట్ అన్నారు, పడుకున్నాను. అట్ల పడుకుని ఉన్న రోజుల్లోనే పాపకు మళ్ళీ ఫిట్స్ వచ్చినాయి. చిన్నప్పుడు వచ్చేవి, సిరప్ మొదలుపెట్టినాక ఆగిపోయి శానా ఏండ్లయింది, మేము మరిచే పోయినాము. ఆ పొద్దు టీవీ చూస్తా చూస్తా దాని కండ్లు ఒక పక్కకు తిరిగిపోయినాయి, చెయ్యి కొట్టుకుంటా ఉండాది. నేను చాప మీదనుంచి లేవలేకపోయినాను. మా అత్తే ఒక పక్కకు తిప్పి పట్టుకుని, ఆగేదాకా దాని పేరు పిలుస్తా కూర్చునింది.

ఆసుపత్రికి పోయే దారంతా నాకు ఒకటే ఆలోచన. నా నడుం విరిగింది, నేనింక కొండకు ఎత్తుకుపోలేనని స్వామికి తెలిసిపోయింది, అందుకే బిడ్డకు ఇట్లయింది. ఇంట్లో ఎవరూ నన్ను ఒక మాట అనలేదు. అనాల్సిన పనే లేదు, నన్ను తిట్టుకోవడానికి నేనొక్కదాన్నే చాలు.

న్యూరో డాక్టరమ్మ చిన్న వయసుది. మొదట పాపను తూకం మీద కూర్చోబెట్టించింది. పాత చీటీ చూసింది, సిరప్ సీసా చూసింది. తలకు వైర్లు పెట్టి ఈఈజీ తీయించింది. తర్వాత మమ్మల్ని పిలిచి, "పాప బరువు పెరిగిందమ్మా. డోసు పాత బరువుకు ఇచ్చిందే. అది చాలడం లేదు, అంతే" అనింది.

"అంతేనా మేడం? ఇంకేం కారణం లేదా?"

"ఇంకేం కారణం కావాలి? పిల్ల బాగా తింటా ఉంది, ఎదుగుతా ఉంది. మంచిదే కదా."

డోసు పెంచినారు, ఫిట్స్ ఆగినాయి. డాక్టరమ్మ మాట నా చెవులకు ఎక్కింది కానీ మనసుకు ఎక్కలేదు. పాప పక్కన పడుకుని దాని కాళ్ళు నిమురుతా, నన్ను నేను తిట్టుకుంటానే ఉన్నాను. పాప నా మొహం చూసి మూతి ముడిచేది. దానికన్నీ తెలిసిపోతాయి.

పాపకు ఫిజియోథెరపీ చేయించే సెంటర్లో తల్లిదండ్రులను వారానికి ఒక గంట కూర్చోబెట్టి మాట్లాడేవాళ్ళు. ఎప్పుడూ తప్పించుకునేదాన్ని. నడుం పుణ్యమా అని ఒక రోజు కూర్చున్నాను. ఆడుండే కౌన్సెలర్ మేడం, రెండు పాదాలూ నేలకు ఆనించి, ఊపిరి ఎట్ల పోతా వస్తా ఉందో గమనించండి అనింది.

"ఊపిరి చూస్తే నడుం నొప్పి పోతాదా మేడం?" అని అడిగినాను.

"పోదు. నొప్పి ఉండాదని మీకు తెలుస్తాది. మీరు అది కూడా ఒప్పుకోవడం లేదు కదా" అనింది.

కండ్లు మూసుకున్నాను. నిద్రపోయినాను. గురక కూడా పెట్టినానంట. సత్యవేడు నుంచి కొడుకును తీసుకొచ్చే ఆమె పక్కన కూర్చుని ఉండాది, మోచేత్తో పొడిచి లేపింది, అందరూ నవ్వినారు. మేడం మాత్రం నవ్వకుండా, "ఎన్నాళ్ళయింది నువ్వు నిద్రపోయి?" అనింది. అంతే, ఏడుపు తన్నుకొచ్చింది. మొక్కు సంగతి, ఫిట్స్ సంగతి అందరి ముందర చెప్పేసినాను.

మేడం సత్యవేడు ఆమెను చూపించింది. "ఈమె కొడుక్కు రేపు ఫిట్స్ వచ్చినాయనుకో. 'నువ్వు మొక్కు తీర్చలేదు, అందుకే వచ్చినాయి' అని ఈమెతో అంటావా?"

"అట్లెట్ల అంటాను మేడం, నాకేం బుద్ధి లేదా? ఆమె ఎంత చేస్తా ఉండాదో నాకు తెలీదా?"

"మరి నీకు నువ్వు ఎందుకు అంటా ఉండావు?"

సత్యవేడు ఆమె నా చెయ్యి పట్టుకుని గంట అయ్యేదాకా వదల్లేదు.

ఆ ఒక్క గంటతో మారిపోయినానని చెప్పను. నొప్పి రవంత తగ్గగానే, ఎవరూ చూడకుండా పాపను ఎత్తినాను. మళ్ళీ కాలు మొద్దుబారింది, మళ్ళీ చాప. ఈసారి మా ఆయన నన్ను అడగలేదు, పాపను ఎత్తుకున్నాడు. అది మొదట నాకోసం ఏడ్చింది. నాలుగు రోజులు పోయినాక ఆయన గడ్డం పట్టుకుని ఆడుకుంటా ఉండాది. వారం తిరిగేసరికి నాయన భుజం మీదనుంచి నాకు టాటా చెప్తా ఉండాది. సంతోషమే, కానీ రవంత కుళ్ళు కూడా వచ్చింది.

ఒక మాపటేల మా అత్త పాపకు జడ వేస్తా అనింది. "మేయ్ రేవతీ, నువ్వు మొక్కినప్పుడు ఇది అరచెయ్యంత ఉండె. ఇప్పుడు సూడు, కాళ్ళు మంచం దాటినాయి. స్వామికి కండ్లు లేవా, ఆయనకు కనపడదా? బస్సులో పోదాం పా."

బస్సులోనే పోయినాము. మా ఆయన పాపను ఎత్తి కిటికీ పక్కన కూర్చోబెట్టినాడు. ఘాట్ రోడ్డులో బస్సు తిరిగిన ప్రతిసారీ అది నా మీద వాలి కిలకిలా నవ్వింది. పైన వీల్‌చైర్‌లో తీసుకుపోయినాము. స్వామి ఎదురుగ్గా ఎంతసేపు ఉంటాము, జరగండి జరగండి అంటానే ఉంటారు కదా. ఆ రవంత సేపట్లోనే చెప్పేసినాను. "స్వామీ, బతికించమంటే బతికించినావు, ఇంతదాన్ని చేసినావు. నేనింక ఎత్తలేను. ఇట్లే తెచ్చినాను, చూసుకో." బయటికొచ్చి శానా సేపు ఏడ్చినాను. అది దుఃఖం కాదు. నెత్తిన పెట్టుకున్నది దించినట్లుండింది.

ఇప్పుడు పొద్దున పాపను లేపి కూర్చోబెట్టేది వాళ్ళ నాయన. మధ్యాహ్నం నేనూ మా అత్తా దుప్పటి కొసలు చెరొక పక్క పట్టి ఎత్తుతాము. నడుం కొన్ని రోజులు బాగుంటాది, కొన్ని రోజులు సతాయిస్తాది. నన్ను తిట్టుకునే నోరు కూడా పూర్తిగా మూతపడలేదు. అది మొదలైనప్పుడల్లా సత్యవేడు ఆమె మొహం గుర్తు తెచ్చుకుంటాను, ఆమెతో అనలేని మాట నాతో కూడా అనుకోను.

నాలాంటి తల్లులకు ఒకటే చెప్తాను. బిడ్డను ఎత్తబోయే ముందు ఆగండి. పాదాలు రెండూ నేలకు ఆనించి, ఒక ఊపిరి నిదానంగా తీసుకుని వదలండి. ఈసారి తోడు కావాలా అని మీ ఒంటిని అడగండి. కావాలంటే పిలవండి, ఎవరో ఒకరు వస్తారు.

పోయిన వారం ఆసుపత్రిలో పాపను మళ్ళీ తూకం వేసినారు. ఇంకా పెరిగింది. డాక్టరమ్మ డోసు సరిచేసింది. ఇంటికొచ్చి పాయసం చేసినాను.