దిగమంటే దిగిన కొమ్మల మేస్త్రి

మా వీధిలో మూడు వారాలుగా ఒక మాట తిరుగుతోంది. కొమ్మల మేస్త్రి హెడ్మాస్టారింట్లో నిద్రగన్నేరు చెట్టు సగం ఎక్కి, గుండె జారిపోయి, ఒక్క కొమ్మైనా కోయకుండా దిగిపోయాడట. పెళ్లాం కొంగు పట్టుకుని ఇంటికి పోయాడని ఒకరంటే, కిరాణా కొట్టు దాకా వచ్చేసరికి ఆ మాటకి ఏడుపు కూడా చేరింది. ఆ రోజు నేను మేడ మీద బట్టలారేస్తూ చూస్తూనే ఉన్నాను. ఎవరూ ఏడవలేదు. కానీ ఎక్కినవాడు ఎందుకు దిగాడో నాకూ అంతుపట్టలేదు. అంతుపట్టని సంగతి ఉంటే నాకు అన్నం సయించదు. అందుకని పోయి కనుక్కున్నాను.

రాయడానికి ఇంకో కారణం ఉంది. సోమవారం స్కూలు కమిటీ కూర్చుంటుంది. తరగతి గదుల మీదికి వాలిన పదకొండు చెట్లు వానలు పడకముందే తీయించాలి. ఆ పని మేస్త్రికే అని మాటిచ్చి, ఇప్పుడు "పిరికివాడికి ఎలా ఇస్తాం" అంటున్నారు. స్కూలువాళ్లు వద్దన్నవాణ్ణి ఇంక ఏ ఇంటివాళ్లు పిలుస్తారు? ఈ ఒక్క మాటతో ఆయన చేతిలో పని పోయేట్టుంది. కాబట్టి కమిటీవాళ్లు ఇది ఆఖరిదాకా చదవాలి.

మేస్త్రిది మందులషాపు వెనక సందులో చివరి ఇల్లు. పొట్టి మనిషి. మెడ ఉందో లేదో చెప్పడం కష్టం. ఇదివరకు కలప డిపోలో లారీలకి దుంగలెత్తేవాడు. రోజూ పడిపోయిన చెట్లే చూసి చూసి, నిలబడ్డవాటి సంగతేమిటో తెలుసుకోవాలనిపించి ఈ పనిలోకి వచ్చాడట. "చెట్లు పడగొట్టే పనేగా నీది?" అంటే ఒప్పుకోడు. "పడగొట్టడానికి మైదానం కావాలి పెద్దమ్మా. ఇళ్ల మధ్యన దించడమే," అంటాడు. పైనున్న కొమ్మకి ముందు తాడు కడతాడు, ఆ తర్వాతే కోస్తాడు. తాడు రెండో కొస కింద చెట్టు మొదలుకి మూడు చుట్లు తిరిగి ఆయన భార్య చేతిలో ఉంటుంది. ఆమెని పిల్లలు తాడమ్మ అంటారు. ఆమె ఆ తాడుని కొంచెం కొంచెంగా వదిలితే మనిషంత కొమ్మ కూడా వచ్చి పూలకుండీ పక్కన చప్పుడు లేకుండా కూర్చుంటుంది.

నిచ్చెన అడిగే వంకతో వాళ్లింటికి వెళ్లాను. ముందుగదిలో గోడ పొడవునా మేకులు, మేకులకి తాళ్లు. మంచం కింద పళ్లెంలో రంపం గొలుసు నూనెలో నానుతోంది. తాడమ్మ గడప మీద కూర్చుని, కళ్లు మూసుకుని, ఒక తాడుని వేళ్ల మధ్యనుంచి జానెడు జానెడు లాగుతోంది.

"నిచ్చెనెందుకు పెద్దమ్మా? మీ ఇంట్లో రెండున్నాయిగా," అంది కళ్లు తెరవకుండానే.

"మూడోది ఉంటే తప్పా? అది సరే, కళ్లు మూసుకుని ఏం చేస్తున్నావే?"

"తాడు చూస్తున్నా. కంటికి కనపడని పీచు వేలికి తగులుతుంది."

"ఆ రోజు మీ ఆయన ఎందుకు దిగాడే?"

"నేను దిగమన్నా."

"నువ్వంటే దిగిపోవడమేనా?"

"దిగకపోతే ఇంకోసారి నేను తాడు పట్టను."

వాళ్లిద్దరి మధ్యా ఉన్న ఒప్పందం అప్పుడు తెలిసింది. పని మొదలయ్యాక పైనున్నవాడికి మాట లేదు. అతనికి కొమ్మలు కనపడతాయి కానీ చెట్టు కనపడదు. కింద ఉన్న మనిషి ఆగమంటే ఆగాలి, దిగమంటే దిగాలి, ఎందుకని అడగకూడదు. పద్నాలుగేళ్లలో ఆమె "దిగు" అన్నది రెండే రెండుసార్లు. ఒకసారి కందిరీగలు లేచినప్పుడు, రెండోసారి ఇప్పుడు.

"ఇంట్లోనూ ఇంతేనా?"

"అంత అదృష్టమా! తడి తువ్వాలు మంచం మీద పడేయొద్దని పెళ్లైనప్పట్నుంచీ చెబుతున్నా."

ఆమె చెప్పులు విప్పి వేరు మీద నిలబడటం మనందరం చూశాం. చెట్టుకి దణ్ణం పెట్టుకుంటోందనుకున్నాం. కాదట. చెట్టు కదిలిన సంగతి కంటికి తెలిసేలోపు అరికాలికి తెలుస్తుందట. ఆ రోజు మేస్త్రి మొదటి పంగ దాకా వెళ్లి బరువు ఇంటి వైపు వేయగానే, ఆమె కాలి కింద వేరు కొంచెం లేచి మళ్లీ కూర్చుంది.

"చెట్టు ఇంటి వైపు వాలి ఉంది. ఇవతలి వేర్లే దాన్ని పట్టి ఉంచాలి. వాటికి పట్టు లేదు పెద్దమ్మా, ఎవరో కోసేశారు. పని ఒప్పుకునేముందే అడిగాను మాస్టారిని, చుట్టుపక్కల ఎక్కడన్నా తవ్వారా అని. ఏ ఇంట్లోనైనా అడుగుతాం. లేదన్నారు. కొత్త బిళ్లలు చూసినా, పగిలినవి మార్చారనుకున్నా."

"ఆ సంగతే నలుగురికీ చెప్పొచ్చుగా?"

"మాస్టారితోనే చెప్పా. వెనకగదిలో పడుకోకండి, క్రేన్ తెప్పించండి అన్నా. చేతకానివాళ్ల సాకులన్నారు. పెద్దాయన్ని పట్టుకుని అబద్ధమాడారని ఎలా అంటాను? రుజువేది?"

ఇంక నా కాళ్లు ఆగుతాయా? అటునుంచి అటే హెడ్మాస్టారింటికి పోయాను. పెరట్లో నేలంతా పాచిపట్టిన పాత బిళ్లలు, వాటి మధ్యలో గేటు నుంచి వంటింటి దాకా మూరెడు వెడల్పున తెల్లగా మెరిసిపోతూ కొత్త బిళ్లలు. ఆ చార చెట్టు మొదలుకి రెండడుగుల దూరంలోంచి పోతోంది.

"అక్కయ్యా, ఈ బిళ్లలు ఎప్పుడు వేయించారు?" అని మాస్టారి భార్యనడిగాను.

"నీళ్ల గొట్టం మార్చినప్పుడు. రెండు నెలలైంది. వేర్లడ్డొచ్చి ప్లంబరు నానా తిప్పలూ పడ్డాడు, ఒక్కోటీ నా మోచేయంత లావు."

మాటలు విని మాస్టారు కళ్లజోడు సవరించుకుంటూ బయటికొచ్చారు.

"మాస్టారూ, ఇక్కడ తవ్వలేదని మేస్త్రివాళ్లకి చెప్పారట?"

"నేను తవ్వలేదు. ప్లంబరు తవ్వాడు."

"అయ్యో రామ, గునపం ఎవరు పట్టారని అడిగారా వాళ్లు?"

అక్కయ్య కొంగు నోటికడ్డం పెట్టుకుంది. మాస్టారు బిళ్లల వైపు చూశారు. నేను వంగి చూపించాను. పాత బిళ్లకీ కొత్త బిళ్లకీ మధ్య నేల విచ్చుకుని ఉంది, నా అరచెయ్యి నిలువునా దూరింది. ఆ సాయంత్రమే మంచాలు వెనకగదిలోంచి ముందుగదిలోకి వచ్చాయి.

నాలుగో రోజున క్రేన్ వచ్చింది. మేస్త్రి చెట్టుని ముట్టుకోకుండా, క్రేన్‌కి వేలాడే తొట్టిలో నిలబడి పైనుంచి ముక్క ముక్కగా కోసుకుంటూ వచ్చాడు. చివరికి మిగిలిన మోడుని క్రేన్ పైకి లాగితే, కదిలే పన్నులా మొదలుతో సహా ఊడొచ్చింది. ఇవతలి వైపు వేర్లన్నీ ఒకే గీత మీద తెగి, కొసలు నల్లబడి ఉన్నాయి. అక్కడ నిలబడి చూసినవాళ్లం నలుగురం. చూడని నలభైమంది ఇంకా పాత కథే చెప్పుకుంటున్నారు. కమిటీలో మాస్టారు తప్పు తనదని చెబుతారో లేదో నాకు తెలియదు. చెప్పి తీరాలని అక్కయ్య మాత్రం గట్టిగా పట్టుబట్టింది.

ఇంత జరిగినా మేస్త్రి నోరు మెదపలేదు. అది నాకు మరీ విడ్డూరంగా ఉంది. తాడు మోచేతికీ బొటనవేలికీ చుట్టుకుంటూ గేటు దగ్గర నిలబడితే పట్టుకున్నాను.

"మూడు వారాలుగా వీధి వీధంతా పిరికివాడంటోంది. నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నట్టు ఊరుకున్నావేం నాయనా? భయపడలేదని ఒక్క మాట అనలేవూ? కమిటీకి నేనే రాస్తాను."

మేస్త్రి తాడు చుట్టడం ఆపాడు. తాడమ్మ అటుపక్క రంపాలు బండిలో సర్దుతోంది. ఆమెకి వినపడకుండా గొంతు తగ్గించి అన్నాడు:

"ఎలా అనను పెద్దమ్మా, భయపడ్డాను కదా. పైనున్నంతసేపూ ఏం లేదు. దిగు అంది, దిగాను. నాకేం తెలుసు, తీరిగ్గా ఒక్కో ముడీ విప్పుకుంటూ దిగాను. కిందికొచ్చాక చూశాను, ఆవిడ కాళ్ల దగ్గర నేల విచ్చుకుని ఉంది. చెట్టు ఒరిగితే నాకు డాబా అయినా అందేది. ఆవిడ నిలబడ్డది పైకి లేచే వేరు మీద. కాలు తీస్తే చెట్టు సంగతి తెలియదని, నేను దిగేదాకా కదల్లేదు. అది చూశాక ఆవిడ కొంగు పట్టుకునే గేటు దాకా నడిచాను. రాసేట్టయితే అదీ రాయండి."