డ్యూక్ పిలుపుకి బదులు

మా ముత్తాతగారు పద్నాలుగు గ్రామాలకు జమీందారు. తాతగారు దొరలతో కలిసి ఆఫ్రికాలో వేటాడి వచ్చినవారు. ఆయన తెచ్చిన సింహం తల మా హాల్లో గుమ్మానికి ఎదురుగా ఉండేది. ఎప్పుడూ కలిసి తిరిగే రెండు మగ సింహాల్లో అదొకటి. రెండోది దాన్ని పిలుస్తూ తెల్లవార్లూ తిరిగిందని తాతగారు అతిథులకు గొప్పగా చెప్పేవారు. ఆ ఇంటివాణ్ణి నేను, కెనడాలో సింహాల గదులు కడుగుతానంటే నవ్వేవాళ్లున్నారు. నవ్వనివ్వండి. చేసే పని శుభ్రంగా చేస్తాను.

2023లో, రిచ్‌మండ్ హిల్‌కి ఉత్తరాన ఒక ప్రైవేట్ జంతువుల పార్కులో జరిగింది ఇది. డ్యూక్ మా ముసలి సింహం. దాని తోబుట్టువు చనిపోయాక తిండి తగ్గించేసింది. అడవిలో మగ సింహాలు రెండు మూడు కలిసి జట్టు కడతాయి. దాన్ని కోయలిషన్ అంటాం. ఎక్కువగా అన్నదమ్ములే ఉంటాయి, అప్పుడప్పుడు ఒంటరిగా తిరిగే పరాయివి కూడా చేరతాయి. ఆ ఆశతోనే వేరే పార్కు నుంచి హ్యూగోని తెప్పించాం. రెంటినీ విడివిడిగా ఉంచడానికి వెచ్చని గదులు లేవు. చలి ముదిరేలోగా కలవకపోతే హ్యూగో వెనక్కి వెళ్లిపోతుంది. ఇంకో తోడు దొరికేదాకా డ్యూక్ బతుకుతుందని నాకు నమ్మకం లేదు.

వాటి మధ్య హౌడీ గేట్ ఉండేది. ఒకదాన్నొకటి చూసుకుని, వాసన పట్టుకోవడానికి పెట్టే ఇనప వల తలుపు. హ్యూగో దగ్గరికొస్తే చాలు, డ్యూక్ ఆ వల మీదికి దూకేది. ఆ చప్పుడు ఇంటికెళ్లాక కూడా నా చెవుల్లో ఉండేది.

ఆ ఏడాది ఏ బస్సెక్కినా మన విద్యార్థులే. స్రవంతి వాళ్లలో ఒకరు. కరీంనగర్ వైపు అమ్మాయి. అక్కడ వెటర్నరీ డిగ్రీ చేసి, ఇక్కడ మళ్లీ కాలేజీలో చేరి, మా దగ్గర పార్ట్‌టైమ్ చేసేది.

"అంకుల్, రోజూ డ్యూక్‌కే ముందు ఎందుకు పెడుతున్నరు?"

"అంకుల్ అనకండి. అది పెద్దది. పెద్దవాళ్లకే ముందు."

"అప్పటిదాక హ్యూగో చూస్తూ కూసోవాల్నా? ఏజాక్స్ ఊర్ల మేం కిరాయికుండే బేస్‌మెంట్‌ల కూడా ఇంతే. పాతోళ్లు వండుకునేదాక కొత్తోళ్లు స్టవ్ ముట్టొద్దు. ఇక దోస్తీ ఎట్లయితది? జట్టుల మగ సింహాలు పెద్దా చిన్నా అంతగనం పట్టించుకోవు, రాజా గారూ. పిలిస్తే పలుకుతదా లేదా, అదే చూస్తయి."

మా జమీందారీ గొప్పలు చెప్పింది నేనే, ఆ 'రాజా గారూ' నాకు గుచ్చుకుంది. అయినా మర్నాటి నుంచి వలకి రెండు వైపులా ఒకేసారి మాంసం పెట్టాను. దూకడం తగ్గింది. అంతకు మించి ఏమీ మారలేదు, చలి మాత్రం పెరుగుతోంది.

డ్యూక్ రోజూ పొద్దున్నే గర్జించి, చెవులు రిక్కించి ఆగేది. ఒక పొద్దున ఆ నిశ్శబ్దంలో హ్యూగో గొంతెత్తింది. డ్యూక్ దిగ్గున లేచింది. దూకితే నీళ్లు కొట్టి ఆపడానికి నేను పైపు పట్టుకున్నాను. అది దూకలేదు. హ్యూగో గొంతుతో తన గొంతు కలిపింది.

"గేటు తీయండి," అంది స్రవంతి.

"ఒకదాన్నొకటి చంపుకుంటే?"

"తీయకపోతే డ్యూక్ ఎట్లాగూ బతకదంటున్నరు కదా."

మేనేజర్ నిర్ణయం నాకే వదిలాడు. గేటు తీశాను. రెండూ ఢీకొన్నాయి. డ్యూక్ పంజా దెబ్బకి హ్యూగో జూలు రేగి ఎగిరింది.

"నీళ్లు కొట్టనా?"

"ఆగండి."

హ్యూగో తల వంచి డ్యూక్ గడ్డం కిందికి దూర్చింది. అడవిలో జట్టు సింహాల పలకరింపు అదే. డ్యూక్ కదల్లేదు. నేను పైపు వదల్లేదు. చివరికి డ్యూక్ తన నుదురు హ్యూగో మెడకి రుద్ది, దాని మీద ఒరిగి పడుకుంది.

"దోస్తీ అయింది అంకుల్," అంది స్రవంతి కళ్లు తుడుచుకుంటూ. ఈసారి నేను దిద్దలేదు.

డ్యూక్‌కి నేను ఇచ్చిన పెద్దరికంతో పని లేదు. దాని పిలుపుకి బదులు కావలసింది. తాతగారి కథలోని రెండో సింహం కూడా బదులు కోసమే తిరిగిందని నాకు ఆ తర్వాతే తట్టింది. దానికి బదులివ్వాల్సిన తలను మా నాన్నగారు, హాలు టేకు తలుపులతో పాటు, ఒక హోటల్ యజమానికి అమ్మేశారు.